నంబర్ ఒకటే... పలికే ధరలే వేరు!

బండి ఖరీదు కన్నా నంబర్ ఖరీదే ఎక్కువైన సందర్భాలు మన దేశంలోనే ఉన్నాయి. వేలానికే రాని నంబర్ ఒకటి కోల్‌కతాలో ఉంది.

నేతాజీ ఎక్కిన బీఎల్‌ఏ 7169
కోల్‌కతా ఎల్గిన్ రోడ్డులోని నేతాజీ భవన్‌లో ఉన్న జర్మన్ వాండరర్ కారు నంబర్ ఇది. 1941 జనవరి 16 అర్ధరాత్రి దాటాక, పోలీసు నిఘా కళ్లుగప్పి సుభాష్ చంద్రబోస్ ఈ కారులోనే ఇల్లు దాటారు. అన్న కొడుకు శిశిర్ కుమార్ బోస్ స్టీరింగ్ పట్టి గోమో రైల్వేస్టేషన్ వైపు తీసుకెళ్లారు. కారును బాగుచేయించాక 2017 జనవరిలో అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆవిష్కరించారు. ఫ్యాన్సీ నంబర్ కాదు, వరుస అంకెలు లేవు. అయినా ఇంతకు మించిన నంబర్ నగరంలో ఏదుంది?

పాత కారుకు పాత నంబరే
యాభై ఏళ్లు దాటిన కార్ల కోసం 2021లో కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ఇదివరకే రిజిస్టరైన వింటేజ్ కారు తన పాత నంబర్‌నే ఉంచుకోవచ్చు. కొత్తగా రిజిస్టర్ చేయిస్తే రూ.20 వేల రుసుము, నంబర్‌లో ‘వీఏ’ అక్షరాలు.

స్కూటర్ 71 వేలు, నంబర్ 15 లక్షలు
2022లో చండీగఢ్‌వాసి ఒకరు 0001 నంబర్‌ను రూ.15.44 లక్షలకు పాడుకున్నారు. తగిలించింది రూ.71 వేల స్కూటర్‌కు!

తొమ్మిదులంటే మనవాళ్లకు మోజు
జూనియర్ ఎన్టీఆర్ తన లంబోర్గినీ కోసం 9999కు రూ.17 లక్షలు పెట్టారు. 2024లో హైదరాబాద్ ఖైరతాబాద్ ఆర్టీఏ వేలంలో అదే నంబర్ రూ.25.5 లక్షలు దాటింది.

పాడుకుని వదిలేశారు
2025 నవంబర్‌లో హరియాణాలో హెచ్‌ఆర్ 88 బీ 8888కు పాట రూ.1.17 కోట్లకు చేరింది. పాడినవారు గడువులోగా డబ్బు కట్టలేదు. ధరావతు పోయింది, నంబర్ మళ్లీ వేలానికి వచ్చింది.

ప్రపంచ రికార్డు దుబాయ్‌ది
2023లో ‘పీ 7’ ప్లేటు 5.5 కోట్ల దిర్హామ్‌లు పలికింది. మన లెక్కలో రూ.120 కోట్ల పైమాటే. ఆ సొమ్ము పేదల ఆకలి తీర్చే కార్యక్రమానికి వెళ్లింది.

పేర్లు కుదరవు
బ్రిటన్‌లో పేరులా కనిపించే ప్లేటు కొనుక్కోవచ్చు, బండి లేకుండానే దాచుకోవచ్చు, లాభానికి అమ్ముకోవచ్చు. 2014లో అక్కడ ‘25 ఓ’ ప్లేటు 5.18 లక్షల పౌండ్లకు అమ్ముడైంది. మన దగ్గర పేర్లు నడవవు. కోల్‌కతాలో ‘డబ్ల్యూబీ 02’ వంటి రాష్ట్ర, కార్యాలయ సంకేతాలు ఉండి తీరాలి. మనం ఎంచుకోగలిగేది చివరి నాలుగంకెలే. 8055ను ‘బాస్’ అని చదివించేలా రాయించినా చలానా తప్పదు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ ప్లేట్లు తప్పనిసరి.

పెట్టుబడి అవుతుందా?
ఇక్కడ నంబర్ బండికి ఇచ్చిన గుర్తింపే కానీ విడిగా అమ్ముకునే ఆస్తి కాదు. కొన్ని రాష్ట్రాల్లో పాత నంబర్‌ను అదే యజమాని కొత్త బండికి మార్చుకోవచ్చు, అంతే. కాబట్టి ఇష్టపడి పాడుకోండి, లాభం వస్తుందని మాత్రం అప్పు చేసి పాడకండి. ఆ డబ్బు ఖజానాకే చేరుతుంది, తిరిగి రాదు.