జూదం వెనుక దాగే మరో వ్యసనం

జూదం మానలేక వైద్యుడి దగ్గరకు వచ్చేవారు అప్పుల గురించి, ఇంట్లో గొడవల గురించి చెబుతారు. జేబులోని గుట్కా పొట్లం గురించి, రాత్రిపూట తాగే మందు గురించి చాలామంది చెప్పరు. చికిత్సకు ఆ సమాచారమూ అంతే అవసరం.

జూదానికి చికిత్స కోరినవారిపై జరిగిన 36 అధ్యయనాలను క్రోడీకరించిన ఒక విశ్లేషణ 2015లో వెలువడింది. దాని ప్రకారం వారిలో సగటున 56.4 శాతం మంది నికోటిన్‌కు బానిసలు. మద్యం దుర్వినియోగం 18.2 శాతం మందిలో, మద్యంపై పూర్తిగా ఆధారపడటం 15.2 శాతం మందిలో, గంజాయి సమస్య 11.5 శాతం మందిలో కనిపించాయి. అంటే అన్నిటికన్నా ముందున్నది పొగాకే.

మెదడులో ఒకే దారి

ఈ పొందికకు మూలం మెదడులోని డోపమైన్ వ్యవస్థలో ఉంది. ఎప్పుడు గెలుస్తామో తెలియని ఆట, నికోటిన్, మద్యం ఈ మూడూ ఆ వ్యవస్థనే ప్రేరేపిస్తాయి. పైగా మద్యం నిగ్రహాన్ని సడలిస్తుంది. ఓడిన దిగులు మళ్లీ మద్యం వైపు నెడుతుంది. అందుకే అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో జూదాన్ని మత్తు వ్యసనాల విభాగంలోకి మార్చింది.

సూరత్‌లో రెండు రహస్యాలు

గుజరాత్‌లోని సూరత్‌లో మరమగ్గాలను నమ్ముకొని తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడిన చేనేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ రాష్ట్రంలో మద్యనిషేధం అమల్లో ఉంది; అనుమతి లేకుండా తాగడం నేరం. జూదగృహంలో ఆడటమూ నేరమే. ఇలాంటి చోట రోగికి దాచాల్సినవి రెండవుతాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో కేంద్ర చట్టం నిషేధించింది. ఆటగాళ్లకు అందులో శిక్ష లేదు. అయితే యాప్ మూతపడినంత మాత్రాన ఆడాలన్న తహతహ పోదు.

ఏం చేయాలి?

మొదటి రోజే పొగాకు, మద్యం, ఇతర మత్తుల గురించి తప్పుపట్టకుండా అడగాలి. రెండు సమస్యలకూ కలిపి చికిత్స ఇవ్వాలి. ఆలోచనా ధోరణిని మార్చే కౌన్సెలింగ్ (సీబీటీ) రెండింటికీ పనికొస్తుంది. మద్యానికి వాడే నాల్ట్రెక్సోన్ మందు కొందరిలో జూదం మీది తహతహనూ తగ్గించినట్లు పరీక్షల్లో తేలింది. రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు రావచ్చు. వైద్యుల పర్యవేక్షణలోనే మానాలి.

సొంత భాషలో మాట్లాడితే దాచినవి చెప్పడం తేలిక. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు సూరత్ నుంచైనా, సిరిసిల్ల నుంచైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.