పూర్వకవిస్తుతి – పఠితల సాక్ష్యము

మన కావ్యముల అవతారికలను విద్యార్థులు సాధారణముగా దాటిపోవుదురు. ఇష్టదేవతాప్రార్థనము, పూర్వకవిస్తుతి, కుకవినింద, కృతిపతి వంశవర్ణనము, షష్ఠ్యంతములు అను వరుస కనబడగనే ఇది సంప్రదాయపాలనమని తలచి కథాప్రారంభమునకు పోవుట వాడుక. సాహిత్యచరిత్రకారులు మాత్రము ఆ పద్యములలో కాలనిర్ణయమునకు పనికివచ్చు పేర్లను ఏరుకొందురు. ఒకనిచే స్తుతింపబడిన కవి వానికి పూర్వుడో సమకాలికుడో కావలెనను న్యాయము మన కవికాలనిర్ణయములకు ముఖ్యాధారము. ఈ రెండు దృష్టులును పూర్వకవిస్తుతి యొక్క అసలు స్వరూపమును అందుకొనలేదని మా అభిప్రాయము. అది మొదట ఒక పఠిత పలికిన మాట. కవి తాను కలము పట్టకముందు ఏమి చదివెనో, ఏమి వినెనో, అందు దేనిని ప్రేమించెనో చెప్పుకొను చోటు అది. ఈ దృష్టితో కొన్ని అవతారికలను పరిశీలించి, ఇష్టమును ప్రకటించుటకును గ్రంథము నిలుచుటకును గల సంబంధమును విచారించుట ఈ వ్యాసోద్దేశము.

గ్రంథాభిరుచిని ప్రకటించుట మన భాషలో కవితో గాక రాజుతో ప్రారంభమగుట గమనింపదగినది. ఆదిపర్వావతారికలో రాజరాజనరేంద్రుడు నన్నయతో ముచ్చటించుచు, తనకు ఎల్లప్పుడును ఇష్టములైనవి ఐదు కలవని చెప్పును. బ్రాహ్మణులను తృప్తిపఱచుట, భారతశ్రవణాసక్తి, పార్వతీపతి పూజ, ఎడతెగని దానము, సాధుసాంగత్యము అనునవి ఆ ఐదు. వీనిలో ఒకటి గ్రంథమగుట చిన్న విషయము కాదు. అంతటితో ఆగక ఆ రాజు తన చదువును కూడ విన్నవించును. అనేక పురాణములు వింటిననియు, శాస్త్రముల తెఱగెఱిగితిననియు, కావ్యనాటకములు పెక్కు చూచితిననియు, అయినను తన మనస్సు భారతమునందే నిలుచుననియు అతని మాటల సారాంశము. అందులకు కారణమును కూడ దాచలేదు. పాండవులు తన వంశకర్తలు. ఇంకొక విశేషము కలదు. భారతమును బహుభాషలలో, బహువిధములుగా, బహుజనులవలన వినుచుండుట మహాఫలప్రదమని రాజు తలంపు. ఒకే గ్రంథమును పలువురినుండి మరల మరల వినగోరుట నిజమైన ప్రియపాఠకుని లక్షణము. మన మొదటి మహాకావ్యము ఒక శ్రోత కోరికనుండి పుట్టినదని నన్నయయే చెప్పుచుండగా, పఠితకు సాహిత్యచరిత్రలో చోటు లేదనుట యెట్లు?

నన్నయ తరువాత భారతమును అందుకొన్న ఇరువురును అతనికి పాఠకులే. తిక్కన విరాటపర్వారంభమున, మొదటి మూడు పర్వములను రచించినవాడు ఆంధ్రకవిత్వ విశారదుడని నన్నయను గౌరవించి తన పనిని ప్రారంభించెను. ఎఱ్ఱన చేసినది అంతకంటె విలక్షణము. నన్నయకు సుమారు మూడు శతాబ్దుల పిమ్మట అరణ్యపర్వశేషమును పూరించుచు, తనకు ఆశ్రయమిచ్చిన ప్రభువును గాక రాజరాజనరేంద్రునే కృతిపతిగా నిలిపెను. నన్నయ రీతి కొంత తోచునట్లుగా, అతని రచనయే యనునట్లుగా పూరించితినని పర్వాంతమున చెప్పుకొనెను. అభిమానకవిని స్తుతించుట యొక విధము. ఆ కవి గొంతును గుర్తుపట్టి, ఆగిన వాక్యమును ఆ గొంతుతోనే ముగించుట మరియొక విధము. ఇంత శ్రద్ధగా చదివిన పాఠకుడు ఏ కవికిని సులభముగా లభింపడు.

స్తుతికి హేతువును జోడించుటలో శ్రీనాథుడు ఒక అడుగు ముందునకు వేసెను. సుప్రసిద్ధమైన యొక పద్యమున అతడు వేములవాడ భీమకవిని, నన్నయను, తిక్కనను, ఎఱ్ఱనను వరుసగా పేర్కొని, ఒక్కొక్కమాటు ఒక్కొక్కరి తెఱగున రచింతునని చెప్పెను. భీమకవి యందు ఉద్దండతను, నన్నయ యందు ఉభయభాషాప్రౌఢిని, తిక్కన యందు రసోచితమైన కూర్పును, ఎఱ్ఱన యందు సూక్తివైచిత్రిని అతడు గుర్తించెను. నలుగురు కవులు, నాలుగు గుణములు. ఒకరి గుణమును మరియొకరికి మార్చి చెప్పిన పద్యము చెడును. స్తుతిపద్యము వట్టి ఆచారమో, చదివినవాని మాటయో తేల్చుటకు ఇంతకంటె మంచి పరీక్ష మాకు తోచలేదు. పేర్లను తారుమారు చేసినను అర్థము చెడకున్నచో అది ఆచారము. చెడినచో అది అనుభవము. తరువాతి ప్రబంధములలోని స్తుతిపద్యములు పెక్కు ఈ పరీక్షకు నిలువవు.

పోతన మాట వేరొక తీరు. నన్నయ తిక్కనాదులు పురాణములను తెనిగించుచు భాగవతమును విడిచిపెట్టుట తన పూర్వపుణ్యమని అతడు సంతసించెను. తాను మెచ్చిన కవులు వ్రాసినదానినే గాక వ్రాయనిదానిని కూడ ఎఱిగియుండుట లోతైన పరిచయమునకు గుర్తు. మొల్ల తన రామాయణావతారికలో పఠిత పక్షమునే వహించెను. తేనె సోకగనే నోరు తీయనగునట్లు, చదువగనే అర్థము తోపవలెననియు, గూఢశబ్దములతో నిండిన రచన మూగచెవిటివారి ముచ్చట యగుననియు ఆమె తలంపు. ఇది కవులకు చెప్పిన లక్షణమువలె కనబడినను, నిజమునకు చదువరి కోరిన హక్కు.

ఇంతవరకు చెప్పినది ఇష్టమును ప్రకటించిన తీరు. ఇక ఆ ఇష్టము గ్రంథమును కాపాడెనా అనునది ప్రశ్న. ఇచ్చట శ్రీనాథుని పద్యమే మనలను కలతపెట్టును. అతడు పేర్కొన్న నలుగురిలో ముగ్గురి కృతులు నేడు మన చేతిలోనున్నవి. మొదటివాడైన భీమకవి పేరిట కొన్ని చాటువులు తప్ప, అతనిదని నిస్సంశయముగా చెప్పదగిన కావ్యమొక్కటియు మిగులలేదు. 16వ శతాబ్దిలో పింగళి సూరన రాఘవపాండవీయమును రచించుచు, అట్టి కావ్యమును పూర్వము భీమన చెప్పెనని పెద్దలు అందురే కాని దానిని కన్నవారు లేరని చెప్పవలసివచ్చెను. కవి పేరు తరతరములకు అందినది. పుస్తకము అందలేదు. స్తుతి దీపమువంటిది. అది రూపమును చూపును గాని పదార్థమును దాచిపెట్టజాలదు.

దాచిపెట్టినవారు వేరు. వారు సంకలనకర్తలు. 15వ శతాబ్దివాడైన మడికి సింగన పూర్వగ్రంథములనుండి నీతిపద్యములను ఏరి సకలనీతిసమ్మతమును కూర్చెను. ముద్రామాత్యమను గ్రంథమును మనము నేడెఱుగుట ఆ కూర్పువలననే. పెదపాటి జగ్గన ప్రబంధరత్నాకరమున వర్ణనల వరుసను అనేక కవుల పద్యములను చేర్చి, ఏ పద్యము ఏ గ్రంథములోనిదో తెలిపెను. ఆ సంకలనము ముఖ్యాధారముగా వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1918లో ప్రబంధరత్నావళిని ప్రకటించి, అలభ్యకావ్యముల పద్యములను లోకమునకు అందించిరి. నన్నెచోడుని కుమారసంభవమును మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో వెలువరించిరి. ఆ కవికే మరియొక కృతి కలదనియు, దాని పేరు కళావిలాసమనియు తెలుపుచున్నవి జగ్గన ఎత్తివ్రాసిన పద్యములే. జగ్గన ఆ కవులను గూర్చి ఉపన్యసింపలేదు. తనకు నచ్చిన పద్యమును వ్రాసి, క్రింద పేరు పెట్టెను. ఆ చిన్న పని కావ్యమును పూర్తిగా నిలుపలేదు గాని, కావ్యముండెనను సత్యమును నిలిపినది.

మూడవ మార్గము ప్రజల నాలుక. వేమనకు పండితుల ఆదరము చాలకాలము దక్కలేదు. అయినను ఆ పద్యములు నోళ్లలోను తాటాకులలోను బ్రతికినవి. సి.పి. బ్రౌను వ్రాతప్రతులను సేకరింపించి, సరిచూపించి, ఆంగ్లానువాదముతో 1829లో ప్రకటించినపుడు, ఆయనకు లభించినది జనులు విడువక పట్టుకొన్న సొత్తు. అయితే ఈ మార్గమునకును దోషము కలదు. మకుటము సులభము, ఛందస్సు సులభము. కనుక ఎవరి పద్యమైనను ఆ మకుటముతో చేరిపోవచ్చును. వేమన స్వయముగా చెప్పినవి ఎన్ని అను ప్రశ్న నేటికిని తీరలేదు. స్తుతి పేరును నిలిపి పుస్తకమును జాఱవిడిచినది. సంకలనము తునుకలను నిలిపినది. నాలుక పద్యములను నిలిపి హద్దులను చెరిపినది.

ఈ మూడింటి లోపములను తీర్చుటకే అచ్చుయంత్రమును, దానివెంట గ్రంథాలయమును వచ్చినవని మనము సంతోషించితిమి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1914లో బెజవాడ సభతో ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమము సంఘరూపమును దాల్చినది. ఒకని పెట్టెలోని పుస్తకము ఊరివారి పుస్తకమైనది. కాని అచ్చైన పుస్తకము నశింపదను నమ్మకము ఎంత బలహీనమైనదో మాకొక అనుభవము తెలిపినది.

మా విద్యార్థులను ప్రతి సంవత్సరము తొలివారమున ఒక ప్రశ్న అడుగుట మా అలవాటు. మీకు మిక్కిలి ఇష్టమైన గ్రంథమేది, ఎందువలన? పెక్కుమంది పాఠ్యప్రణాళికలోని పేర్లనే వ్రాయుదురు. శ్రీనాథుని పద్యముతో చేసిన పరీక్షకు ఆ సమాధానములు నిలువవు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక విద్యార్థిని మాత్రము తన అమ్మమ్మ యింటనున్న స్త్రీల పాటల పుస్తకమును గూర్చి వ్రాసినది. అట్టలు లేవు, ముఖపత్రము లేదు, కూర్చినవారి పేరు తెలియదు. అమ్మమ్మ చదివించుకొని వినెడిది, తప్పు చదివినచో దిద్దెడిది అని వ్రాసి, తనకు నచ్చిన పాటలో సగమును సమాధానపత్రమున ఎత్తివ్రాసినది. మాకు తెలిసిన ముద్రిత సంకలనములలో ఆ పాట దొరకలేదు. పుస్తకమును తెమ్మని కోరితిమి. సెలవులకు ఆమె ఊరికి పోవునప్పటికి ఇల్లు మరమ్మతు జరిగి, పాత కాగితములన్నియు తూకమునకు అమ్ముడుపోయినవి. అమ్మమ్మ అంతకుముందే గతించినది. నేడు ఆ పుస్తకమునకు మిగిలిన సాక్ష్యము మా బీరువాలోని సగము పుట మాత్రమే. అడిగిన దినముననే ఆమె వెంట మేము ఆ ఊరికి పోయియుండవలసినది. ఆ జాగు మాది.

కావున గ్రంథాభిమానమును గూర్చి మేము చెప్పదలచినది స్వల్పము. పేరు చెప్పుట మొదటి మెట్టు. రాజరాజువలె, శ్రీనాథునివలె కారణము చెప్పుట రెండవది. జగ్గనవలె నచ్చినదానిని ఎత్తివ్రాసి, అది యెచ్చటిదో తెలుపుట మూడవది. మూడవ మెట్టు ఎక్కనివాని ఇష్టము వానితోనే పోవును. ఇప్పుడు మా ప్రశ్నకు ఒక వాక్యమును చేర్చితిమి: మీకు నచ్చిన పుటనొకదానిని మీ చేతితో వ్రాసి, ఆ పుస్తకము ఎవరి యింట, ఏ స్థితిలో నున్నదో తెలుపుడు. వచ్చిన పత్రములను వరుసగా కట్టి శాఖా గ్రంథాలయమున ఉంచుచున్నాము. వానిలో మొదటిది ఆ సగము పాట.