చీర రంగు పంచెకు ఎక్కితే...
ఇంట్లో అద్దకానికి కొన్ని మెలకువలు

కొత్త ఎర్ర నూలుచీర, తెల్ల పంచె ఒకే బకెట్లో నానితే పంచె గులాబీరంగుకు తిరుగుతుంది. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే ఇది. తప్పు ఉతికినవారిదీ కాదు, సబ్బుదీ కాదు. గుడ్డకు పట్టని రంగు పైపైన మిగిలిపోవడమే కారణం. వెలిసిన లంగాలకు, జాకెట్లకు, దుప్పట్లకు ఇంట్లోనే రంగు వేసుకొనే గృహిణులు ఈ సంగతి గమనిస్తే గుడ్డా దక్కుతుంది, డబ్బూ మిగులుతుంది.

పెడన పద్ధతి

కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకందార్లు రంగుకన్నా ముందు గుడ్డ సంగతి చూస్తారు. గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ, గేదెపాలు కలిపిన నీటిలో ముంచి ఎండబెడతారు. బెల్లపు నీటిలో ఇనుప ముక్కలను రోజుల తరబడి ఊరబెట్టి, ఆ నీటితో అచ్చు వేస్తే కరక్కాయ వగరుతో కలిసి నల్లరంగు పుడుతుంది. ఎరుపు కావలసిన చోట పటికతో అచ్చు వేసి, తర్వాత రంగునీటిలో మరిగిస్తారు. పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. మిగిలిన రంగు పారే నీటిలో పోతుంది.

టీ డికాషన్ ఒలికిన గుడ్డ తుప్పుపట్టిన బకెట్టుకు తగిలితే నల్లబడేది కూడా ఇందుకే. పెడనలో రంగు అయినది ఇంట్లో మరక అవుతుంది. తెల్లగుడ్డ మీది తుప్పుమరకకు నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో ఉంచి జాడిస్తే తగ్గుతుంది. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడితే కంగారు పడనక్కరలేదు. బాగా జాడించి ఎండలో ఆరవేస్తే క్రమంగా వెలిసిపోతుంది.

బజారు రంగులు

పొట్లాల్లో దొరికే రంగులన్నీ ఒకటి కావు. కొన్ని ఉప్పునీటిలో మరిగిస్తే ఎక్కుతాయి గాని, ఉతికినప్పుడల్లా కొంత దిగుతాయి. 1956లో ఇంగ్లండులోని ఐ.సి.ఐ. సంస్థ బజారులోకి తెచ్చిన రియాక్టివ్ రంగులు నూలుతో రసాయనికంగా కలిసిపోతాయి. చన్నీటిలో వేసే రకాలకు పొయ్యి అక్కరలేదు గాని, చాకలిసోడా తప్పనిసరి. సోడా వేశాక సుమారు గంటసేపు గుడ్డను కదుపుతూ ఉంచాలి. తర్వాత ముందు చన్నీటిలో, ఆపైన వేడి సబ్బునీటిలో, నీరు తేటపడేవరకు జాడించాలి. ఈ ఆఖరిపని ఎగ్గొడితేనే పక్కబట్టలకు రంగు అంటుతుంది.

కొత్తచీరను ఉప్పునీటిలో నానబెడితే రంగు గట్టిపడుతుందన్న నమ్మకం చాలామందికి ఉంది. ఉప్పునీటిలో ఉన్నంతసేపు కొన్ని రంగులు తక్కువగా దిగవచ్చు. అంతేగాని ఉప్పు రంగును శాశ్వతంగా కట్టిపడేయదు. మొదటి రెండు మూడుసార్లు కొత్తచీరను విడిగా ఉతకడమే మేలు. పంచెకు రంగు అంటితే ఆరనీయకుండా, ఇస్త్రీ చేయకుండా వెంటనే మళ్లీ జాడించాలి.

ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

అద్దకానికి వాడిన గిన్నెను మళ్లీ వంటకు వాడరాదు. సోడా అల్యూమినియం గిన్నెను తినివేస్తుంది కనుక ఎనామెల్ లేదా స్టీలు గిన్నె మంచిది. రంగుపొడి గాలిలో లేస్తే ఊపిరితిత్తులకు చేటు. ముక్కుకు గుడ్డ కట్టుకొని, చేతులకు తొడుగులు వేసుకొని, ఫ్యాను ఆపి కలపాలి.

కొన్ని రంగులకు కాస్టిక్ సోడా కావాలి. అవి ఇంటిపనికి తగినవి కావు. ఒకవేళ వాడవలసివస్తే సోడానే కొద్దికొద్దిగా నీటిలో వేయాలి. సోడా మీద నీరు పోస్తే కుతకుత ఉడికి కళ్లలో చిందుతుంది. అలా పడితే పావుగంటకు తక్కువ కాకుండా మంచినీటితో కడిగి, ఆలస్యం లేకుండా వైద్యుని వద్దకు వెళ్లాలి. పాతరంగు పోగొట్టడానికి బ్లీచింగ్ పౌడరు వాడేవారు దానిలో మరుగుదొడ్డి శుభ్రంచేసే యాసిడ్ కలపరాదు. విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది.

మిగిలిన సోడానీటిని, రంగునీటిని తాగునీటి సీసాల్లో పోసి ఉంచడం అన్నిటికన్నా ప్రమాదం. పిల్లలు షర్బత్ అనుకొని తాగవచ్చు. రంగు చెడితే ఒక చీర పోతుంది, మళ్లీ కొనుక్కోవచ్చు. సీసా విషయంలో ఏమరుపాటుకు మాత్రం దిద్దుబాటు లేదు.