గర్భస్థ శిశువు మెదడు - వైరస్ జ్వరములు

తల్లికి రెండు దినములు ఒళ్ళు వెచ్చబడును. ముఖముపైని, మెడపైని సన్నని ఎఱ్ఱని దద్దురులు లేచును. మూడవ నాటికి అణగిపోవును. ఇంటివారు వేడి చేసినదని అనుకొని మరచిపోదురు. కాని ఆ తల్లి అప్పటికి రెండవ నెల గర్భవతి యైనచో, ఆ మూడు దినముల జ్వరము బిడ్డకు జీవితమంతయు నిలిచిపోవు లోపమును మిగిల్చిపోవచ్చును. ఇది ఎట్లు జరుగును? దీనిని ఆపుట ఎవరి చేతిలో ఉన్నది? ఈ రెండు ప్రశ్నలనే మేము నేడు విచారింపదలచితిమి.

ముందుగా మెదడు ఎట్లు ఏర్పడునో చూతము. నాలుగవ వారము ముగియు సరికి పిండము వీపు వెంబడి ఒక సన్నని గొట్టము ఏర్పడి మూసికొనును. దాని ముందు కొనయే ఉబ్బి మెదడగును. ఆ గొట్టపు లోపలి అంచున మూలకణములు కలవు. అవి నారుమడి వంటివి. ఒకటి రెండై, రెండు నాలుగై పెరిగి, పిమ్మట నాడీకణములను పుట్టించును. పుట్టిన కణము పుట్టినచోటనే ఉండదు. మూలకణముల నుండి పైదాక సాగిన సన్నని పోగులను పట్టుకొని, పందిరి మీదికి తీగె ప్రాకినట్లు ప్రాకి, తన పొరకు తాను చేరుకొనును. పెద్దవారి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు ఉన్నవని అంచనా. మెదడు పైపొరలోని నాడీకణములు దాదాపు అన్నియు పుట్టుకకు ముందే తయారగును. చెడిన మడిలో రైతు మరల నారు పోసికొనవచ్చును. ఇక్కడ ఆ అవకాశము లేదు. కనుకనే మొదటి నెలలలో కలిగిన చిన్న దెబ్బయు పెద్ద నష్టమగును.

ఈ సంగతిని మొదట పట్టుకొన్నది ఆస్ట్రేలియా దేశపు కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్. పుట్టుకతోనే కంట శుక్లము గల పసివారు ఉన్నట్టుండి అనేకులు కనబడగా, ఆయన వారి తల్లులను విచారించెను. 1941లో ఆయన వెల్లడించిన 78 మంది బిడ్డలలో 68 మంది తల్లులకు గర్భము తొలినాళ్ళలో రుబెల్లా జ్వరము వచ్చియున్నది. రుబెల్లా వైరస్ మావిని దాటి పిండములో ప్రవేశించును. కణముల విభజనను మందగింపజేయును. సన్నని రక్తనాళములను చెరచును. చెవి, కన్ను, గుండె, మెదడు, ఈ నాలుగును దాని పాలబడును. వానిలో చెవుడు మిక్కిలి తరచుగా కనబడు లోపము. 1964-65లో అమెరికాలో ఈ జాడ్యము ప్రబలినప్పుడు సుమారు 20,000 మంది బిడ్డలు ఇట్టి లోపములతో పుట్టిరి.

జికా వైరస్ త్రోవ వేరు. 1947లో ఉగాండా దేశపు జికా అడవిలో కనుగొనబడిన ఈ వైరస్, 2015లో బ్రెజిల్‌లో ప్రబలెను. అది పిండపు మెదడులోని మూలకణములలోనే నేరుగా చొచ్చుకొనిపోవును. కొన్ని చచ్చును, కొన్ని విభజన మానును. నారుమడియే ఎండినప్పుడు పొలము నిండదు కదా! అందుచేత కొందరు శిశువుల తల మిక్కిలి చిన్నదిగా ఉండును. మన దేశమున రాజస్థాన్‌లో 2018లోను, కేరళలో 2021లోను ఈ జ్వరము కనబడినది. దీనిని మోయు ఏడిస్ దోమ పగటిపూట కుట్టును. కుండలలో, తొట్లలో నిలువచేసిన మంచినీటిలో పెరుగును. భద్రాచలము మన్యమువారికి మలేరియా చిరకాలపు శత్రువు గనుక రాత్రివేళ దోమతెర కట్టుట తెలియును. గర్భవతికి పగటి రక్షణయు కావలెను. వారమునకొకసారి నీటి పాత్రలను ఒలకబోసి, తోమి ఆరబెట్టవలెను.

ఖమ్మము, భద్రాచలము అడవి సరిహద్దులో ఈ విషయమునకు మరియొక ముఖము కలదు. దుమ్ముగూడెము, చర్ల మండలములను దాటినచో ఛత్తీస్‌గఢ్. భద్రాచలము చుట్టునున్న మండలములు కొన్ని 2014లో ఆంధ్రప్రదేశ్‌లో చేరగా, పట్టణము తెలంగాణములో నిలిచెను. మనుష్యులు గీచిన గీతలు వైరస్‌కు తెలియవు. మిరపకాయలు ఏరుటకు ఏటేట అడవి దాటి వచ్చు కుటుంబముల పసివారికి, వాగుకు ఆవల గుడిసెలు వేసికొన్నవారి పసివారికి, టీకా దినము తప్పిపోవుట సులభము. ఒక ఊరిలో వేసిన మొదటి సూది సంగతి మరియొక ఊరిలోని ఉద్యోగికి తెలియదు. కనుక తల్లీబిడ్డల కార్డును బియ్యపు మూటతో పాటు వెంట ఉంచుకొనవలెను. చెప్పువారును కోయభాషవారికి కోయభాషలోనే చెప్పవలెను.

రుబెల్లాకు మందు లేదు, టీకా కలదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో 2017 ఆగస్టులో తొమ్మిది నెలలు మొదలు పదునైదేండ్లలోపు పిల్లలకు తట్టు-రుబెల్లా టీకా వేయు ఉద్యమము సాగినది. ఇప్పుడు తొమ్మిది నెలలు నిండగానే ఒకటి, పదునారు నెలల పిమ్మట రెండేండ్లలోపున రెండవది వేయుదురు. గర్భవతులకు ఈ టీకా వేయరాదు. వేయించుకొన్న స్త్రీ ఒక నెల గడచువరకు గర్భము రాకుండ చూచుకొనవలెను. గర్భవతికి దద్దురులతో జ్వరము వచ్చినచో తేలికగా పోయినదని ఊరకుండక ఆసుపత్రిలో చూపవలెను. బిడ్డ పుట్టిన పిమ్మట చప్పుడుకు తిరుగుచున్నదా లేదా యని గమనించి, అనుమానము కలిగిన వెంటనే వినికిడి పరీక్ష చేయించినచో, మాటలు నేర్చు వయస్సు వృథాగా పోదు.

గ్రహణమును చూచినదనియు, నడవరాని చోట నడచినదనియు తల్లిని నిందించుట మన ఇండ్లలో నేటికిని వినబడుచున్నది. ఆమె చేసిన తప్పేమియు లేదు. తుమ్ము తుంపరలతో వ్యాపించు వైరస్‌ను ఆమె కంటితో చూడగలదా? మగపిల్లవానికి ఈ టీకా ఎందుకని కొందరు అడుగుదురు. అతడు బడి నుండి జ్వరమును మోసుకొని ఇంటికి వచ్చునప్పుడు, ఆ ఇంట గర్భముతో నున్నది అతని తల్లియో, పిన్నియో, వదినెయో కావచ్చును. ఆ పిల్లవాని భుజమునకు పడిన సూది, ఇంకను పుట్టని తమ్మునికో చెల్లెలికో రక్షణ యగును.