పాఠం విన్నాం సరే... పక్కింటి గడప తొక్కామా?

"అన్నీ మంచిగనే చెప్పినవ్ గానీ బిడ్డా, మీ ఎనకింటామె నాలుగు దినాల సంది కనబడ్తలేదు. ఏమైందో ఎరికేనా?"

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ పెద్దమ్మ అడిగిన మాట అది. నా దగ్గర జవాబు లేదు. ఆ మధ్యాహ్నం గంటసేపు నేను చెప్పిన పాఠమంతా ఆ ఒక్క ప్రశ్నతో తేలిపోయింది.

వికారాబాద్‌లో మా వీధి ఆడవాళ్లం పదిమందిమి ప్రతి బుధవారం భోజనాలయ్యాక ఒకరింట్లో కూర్చుంటాం. మాది మెథడిస్టు సంఘం. పిల్లలకైతే సండేస్కూలు ఉంది. మరి పెళ్లయి, పిల్లల్ని కని, సంసారంలో పడ్డ మనకో? ఆదివారం ప్రసంగం చెవిన పడుతూనే ఉంటుంది, మనసు మాత్రం పొయ్యి మీద కుక్కరు దగ్గరుంటుంది. విశ్వాసం అంటే చిన్నప్పుడు బట్టీపట్టిన వచనాలేనా? వయసుతోపాటు అదీ పెరగొద్దూ? అందుకే ఈ బుధవారాల ఏర్పాటు. డిగ్రీ చదివాననీ, నాలుగు కథలు రాశాననీ పాఠం చెప్పే పని నాకు అంటగట్టారు.

ఆ రోజు పాఠం లూకా సువార్తలోని మంచి సమరయుడి కథ. యెరూషలేము నుంచి యెరికోకు పోయే దారిలో దొంగలు ఒక మనిషిని కొట్టి, కొన ఊపిరితో వదిలేసి పోతారు. ఒక యాజకుడు, ఒక లేవీయుడు చూసి కూడా పక్కనుంచి వెళ్లిపోతారు. యూదులకు గిట్టని జాతివాడైన సమరయుడు మాత్రం ఆగుతాడు. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కడతాడు. పూటకూళ్ల ఇంటికి తీసుకుపోయి ఖర్చులకు డబ్బిస్తాడు. ఆ దారి ఎంత ఏటవాలో, రెండు దేనారాలంటే ఎన్ని రోజుల కూలో అన్నీ వివరించాను. అందరూ "ఎంత బాగా చెప్పావమ్మా" అన్నారు. పెద్దమ్మ ఒక్కతే గోడ అవతలి మనిషి గురించి అడిగింది. ఆమెకు అక్షరమ్ముక్క రాదు!

గోడకు అవతల...

టీ గ్లాసు పట్టుకుని వెనకింటికి వెళ్లాను. ముప్పై ఏళ్లు కూడా ఉండని మనిషి చాప మీద ముడుచుకుని పడుకుని ఉంది. భర్త తాండూరులో నాపరాళ్లు పాలిష్ పట్టే చోట కూలి, వారానికోసారి వస్తాడు. తలగడ కింద గోలీల అట్టలు సగం అలాగే ఉన్నాయి. టీబీ అట. రెండు నెలలు మందులు వాడిందట, దగ్గు తగ్గగానే మానేసిందట.

"గోలీలేస్కుంటే కడుపుల మంట పుడ్తదక్కా. తినేదే సరిగ లేకపాయె, మందులెట్ల మింగాలె? దవాఖానకు పోతే నలుగురికి తెలుస్తదని పోతలేను" అంది. అత్తగారింటివాళ్లు కంచం, గ్లాసు వేరు పెట్టారని చెబుతూ కళ్లొత్తుకుంది.

నాకు మనసు చివుక్కుమంది. అనంతగిరి కొండ గాలి మంచిదని నిజాం కాలంలోనే ఇక్కడ టీబీ శానిటోరియం కట్టారు. అలాంటి ఊళ్లో, నా ఇంటి గోడకు ఆనుకుని, ఒక ఆడమనిషి సిగ్గుతో మందులు మానుకుంది. అదే గోడకు ఇవతల నేను సమరయుడి పాఠం చెప్పాను. యాజకుడు చూసి పక్కనుంచి పోయాడు. నేనైతే అసలు చూడనేలేదు!

"మీ దేవుని కాడికి రావాల్నా?"

తర్వాతి బుధవారానికి ఆమె అనుమతి తీసుకునే ఈ సంగతి మా వాళ్ల ముందు పెట్టాను. అందరూ ఒక్కసారిగా ముందుకొచ్చారని రాస్తే అది అబద్ధమే అవుతుంది. "పసిపిల్లలున్న ఇల్లు మాది, అంటుకుంటే?" అని ఒకావిడ. "మన సంఘం కాదు కదా!" అని ఇంకొకావిడ. మొదటి భయంలో తప్పేమీ లేదు, తెలుసుకోవాలి అంతే. టీబీ కంచాల వల్ల, గ్లాసుల వల్ల అంటదు. ఊపిరితిత్తుల టీబీ ఉన్నవాళ్లు దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు గాలి ద్వారా వ్యాపిస్తుంది. సరైన మందులు క్రమం తప్పకుండా వాడుతుంటే కొన్ని వారాల్లోనే ఆ ప్రమాదం బాగా తగ్గిపోతుంది. మధ్యలో మానేస్తేనే ముప్పు. క్రిములు మందులకు లొంగకుండా మొండికేస్తాయి. మామూలు టీబీకి ఆరు నెలల మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

పెద్దమ్మా నేనూ ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లాం. మళ్లీ పరీక్షలు చేసి మందులు మొదలుపెట్టారు. డాక్టరు చెప్పేదాకా మాస్కు కట్టుకుని, కిటికీలు బార్లా తీసే ఆమె దగ్గర కూర్చున్నాం. వంతులేసుకుని రోజుకొకరం భోజనం తీసుకెళ్లి, అది తిన్నాక గోలీ వేసుకునేదాకా ఉండి వచ్చేవాళ్లం.

నాలుగో రోజున ఆమె మెల్లగా అడిగింది: "ఇగ నేను మీ దేవుని కాడికి రావాల్నా అక్కా?"

నేను తడబడ్డాను. పెద్దమ్మ మాత్రం గిన్నెలు సర్దుతూనే, "ఆ సమరయుడు గా మనిషిని నీ దేవుడెవరని అడిగిండా బిడ్డా? లేవలేనోణ్ని లేపిండు. నువ్వు బువ్వ తిను" అంది.

రెండో ఆవిడ సందేహానికీ అదే జవాబు. సాయం చేసి బదులుగా మతం అడిగితే అది సేవ కాదు, బేరం. అవతలి మనిషి నిస్సహాయంగా ఉన్నప్పుడైతే అది మరీ అన్యాయం. నేను పాఠం చెప్పిన కథలోనే ఈ సంగతి ఉంది. కానీ నాకు అర్థమైంది మాత్రం ఆ చాప పక్కనే.

వంటింట్లో పుట్టిన బడి

ఇంటింటికీ వెళ్లడం కొత్త సంగతేమీ కాదని తర్వాత చదువుకుంటే తెలిసింది. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడు జాన్ వెస్లీ తల్లి సుసానా పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పింది. 1712 ప్రాంతంలో భర్త లండన్‌లో ఉండగా ఆదివారం సాయంత్రాలు ఇంటివాళ్లను కూర్చోబెట్టి వంటింట్లో ప్రార్థన చేయించేది. ఇరుగుపొరుగు ఒక్కొక్కరే రావడం మొదలై రెండు వందల మంది దాకా అయ్యారట. ఆడదానికి ఇదేం పని అని ఫిర్యాదులు వెళితే, భర్త ఆపమని రాశాడు. మానేయమని స్పష్టంగా ఆజ్ఞాపిస్తే తప్ప మాననని ఆమె జాబు రాసింది. అప్పటికి జాన్‌కు ఎనిమిదేళ్లు!

ఆ కుర్రాడే పెద్దవాడయ్యాక, 1742లో బ్రిస్టల్ ఊళ్లో ప్రార్థనా మందిరం అప్పు తీర్చడానికి ఒక పద్ధతి పెట్టారు. పన్నెండు మందికి ఒక నాయకుడు. వారానికి మనిషికో పెన్నీ వసూలు చేయాలి. లేనివాళ్ల వంతు నాయకుడే వేసుకోవాలి. పెన్నీ కోసం ఇంటింటికీ వెళ్లినవాళ్లకు అసలు సంగతులు కనిపించాయి. ఏ ఇంట్లో జబ్బు, ఏ ఇంట్లో తగవు, ఎవరు దారి తప్పుతున్నారు అన్నీ తెలిశాయి. అప్పు కోసం మొదలైన ఏర్పాటు క్లాసు మీటింగుగా, ఒకరి బాగోగులు ఒకరు కనుక్కునే పెద్దల బడిగా మారిపోయింది. ఆడవాళ్లు కూడా నాయకులయ్యారు. మరుసటి ఏడు రాసుకున్న నియమాలు మూడు: కీడు చేయకు, మేలు చెయ్యి, ఆరాధన మానకు. ఆ మేలు కిందనే ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం, రోగుల్ని చూడబోవడం ఉన్నాయి.

ఇది చదివినప్పుడు తాండూరులో మా అమ్మమ్మ గుర్తొచ్చింది. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా పిడికెడు తీసి పక్కన ఒక కుండలో వేసేది. దేవుడి పిడికెడు అనేది. మన తెలుగు సంఘాల్లో చాలాచోట్ల ఆడవాళ్లకు ఇది అలవాటే. ఎక్కడో ఉన్న మిజోరంలో కూడా అక్కడి క్రైస్తవ స్త్రీలు 1910 నుంచి ఇలాగే పిడికెడు బియ్యం తీస్తున్నారు. అమ్మమ్మ ఆ బియ్యాన్ని గుడిలో ఇవ్వడంతో ఊరుకునేది కాదు. వాడలో ఎవరింట పొయ్యి రాజలేదో తనే చూసుకుని వచ్చేది. పెన్నీ అయినా, పిడికెడు బియ్యమైనా దాని వంకతో మనం ఒక గడప తొక్కుతాం. అసలు పాఠం అక్కడే మొదలవుతుంది.

మా దగ్గర ఏటా నవంబరులో జరిగే ధారూరు జాతరకు నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. చెట్ల కింద డేరాలేసుకుని, అక్కడే వండుకుని రోజుల తరబడి ఉంటాం. పక్క డేరాలో ఉప్పు అయిపోతే మనకు తెలిసిపోతుంది. అవే కుటుంబాలు ఊరికి తిరిగొచ్చి తలుపులేసుకుంటే, గోడ పక్క దగ్గు కూడా వినిపించదు. ఎంత విచిత్రం!

మీరూ చేయొచ్చు

చర్చి మహిళా సమాజమైనా, భజన మండలి అయినా, పొదుపు సంఘమైనా, పదిమంది ఆడవాళ్లు కలిసే చోట ఇది సాధ్యమే. మేము ఇప్పుడు పాటిస్తున్నవి ఇవి:

పాఠానికి ముందు పది నిమిషాలు ఒకటే ప్రశ్న: "ఈ వారం ఎవరు కనబడలేదు?"

ఎవరింటికైనా ఇద్దరిద్దరుగా వెళతాం. అక్కడ విన్నది వాళ్లు ఒప్పుకుంటేనే బయట చెబుతాం.

రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం కనిపిస్తే ఆసుపత్రికి తోడు వెళతాం. టీబీ రోగులకు పోషకాహారం కోసం ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేది. 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేశారు. అది అందుతోందో లేదో కనుక్కుంటాం. 2022లో మొదలైన నిక్షయ్ మిత్ర పథకం కింద, రోగి సమ్మతిస్తే, వ్యక్తులైనా బృందాలైనా పోషకాహారం అందించే బాధ్యత తీసుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం, మళ్లీ వెళ్లడం. సమరయుడు డబ్బిచ్చి చేతులు దులుపుకోలేదు, తిరిగి వచ్చేటప్పుడు మిగతాది తీరుస్తానని చెప్పి వెళ్లాడు. ఒక్కరోజు పండ్లు పట్టుకెళ్లడం ఎవరైనా చేస్తారు. మూడో నెలలో, విసుగొచ్చినప్పుడు కూడా వెళ్లడమే కష్టం. మేమూ రెండుసార్లు వంతు తప్పాం. పెద్దమ్మ చేత చివాట్లు తిన్నాం.

మందులు పూర్తయ్యాయి. ఆసుపత్రిలో తగ్గిపోయిందన్నారు. మొన్న బుధవారం వెనకింటామె తాండూరు కందిపప్పు సంచి పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. ప్రార్థనకు కాదు. సంచి నా చేతికిచ్చి, గొంతు తగ్గించి అంది:

"అక్కా, గా మూలమీది ఇంట్ల ముసలాయన రాత్రంత దగ్గుతుండు. రేపు పొద్దుగాల నాతోని వస్తవా? ఒకపారి చూసొద్దాం."