పోఖ్రాన్ పరీక్షలు, ప్రపంచ దేశాల ప్రతిస్పందన: పరవాడ నుంచి ఒక పరిశీలన

కొన్నేళ్ల క్రితం అనకాపల్లిలో ఒక ఆదివారం కాంటాక్ట్ తరగతిలో 1998 అణుపరీక్షల గురించి చెబుతున్నాను. వెనక బెంచీలోంచి ఒకాయన లేచి, "మేస్టారూ, ఆంక్షలు ఆంక్షలు అంటున్నారు, అవి మనకెక్కడ తగిలాయండీ?" అని అడిగారు. ఆ రోజు నేను అమెరికా చట్టం గురించి ఏదో చెప్పి ముగించాను. చెప్పవలసిన జవాబు ఊరికి దగ్గరలోనే ఉంది. పరవాడ వైపు వెళితే దూరం నుంచే కనబడే సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రమే ఆ జవాబు. ఈ పాఠంలో అక్కడికే వెళదాం. అంతకు ముందు జరిగినదాన్ని క్రమంలో చూడాలి.

1998 మే 11న మధ్యాహ్నం 3 గంటల 45 నిమిషాలకు రాజస్థాన్‌లోని పోఖ్రాన్ వద్ద భారత్ మూడు అణుపరీక్షలు జరిపింది. 13వ తేదీన మరో రెండు జరిపింది. మే 28, 30 తేదీల్లో పాకిస్తాన్ తన పరీక్షలు జరిపింది. జూన్ 6న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1172వ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. అది రెండు దేశాల పరీక్షలనూ ఖండించింది, ఇక పరీక్షలు జరపవద్దని, సమగ్ర పరీక్షల నిషేధ ఒప్పందంపై సంతకం చేయాలని కోరింది. అయితే ఆ తీర్మానం ఏ ఆంక్షలూ విధించలేదని మీరు గమనించాలి. పరీక్షల్లో చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆంక్షలు విధించింది సమితి కాదు, విడివిడిగా కొన్ని దేశాలు.

అన్ని దేశాలూ ఒకే తీరులో విధించలేదు కూడా. మే నెల మధ్యలో బర్మింగ్‌హామ్‌లో సమావేశమైన జి-8 నాయకులు ఖండనలో ఏకమయ్యారు, శిక్షలో కాలేకపోయారు. ఉమ్మడి ఆంక్షలకు రష్యా, ఫ్రాన్స్, బ్రిటన్ ఒప్పుకోలేదు. రష్యా అయితే జూన్ 21న న్యూఢిల్లీలో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రానికి సంబంధించిన అనుబంధ ఒప్పందంపై సంతకం చేసింది. ఖండన పత్రం మీద సిరా ఆరకముందే అన్నమాట!

అమెరికా పరిస్థితి వేరు. అక్కడ గ్లెన్ సవరణ అనే చట్టం ముందే ఉంది. అణ్వాయుధ దేశంగా గుర్తింపు లేని దేశం పరీక్ష జరిపితే ఆర్థిక సహాయం, ఆయుధాల అమ్మకం, ప్రభుత్వ పరపతి నిలిపివేయాలి, అంతర్జాతీయ సంస్థల రుణాలను వ్యతిరేకించాలి. అధ్యక్షుడికి మినహాయించే వెసులుబాటు దాదాపు లేదు. మే 13న క్లింటన్ ఆంక్షలు ప్రకటించడంలో కోపం ఎంతో, చట్టబద్ధమైన అనివార్యత కూడా అంతే ఉంది. కానీ పాకిస్తాన్‌కు గోధుమలు అమ్ముకోలేకపోతామని అమెరికా రైతులు గొడవ చేయడంతో, జూలై మధ్యకల్లా వ్యవసాయ ఎగుమతుల పరపతిని మినహాయిస్తూ కాంగ్రెస్ చట్టం చేసింది. దేశం బయట చూపే కాఠిన్యానికి దేశం లోపల ఒక ధర ఉంటుంది.

జపాన్ ప్రతిస్పందన

మన పాఠానికి ముఖ్యమైనది జపాన్. హిరోషిమా, నాగసాకి అనుభవం వల్ల అణుపరీక్షల విషయంలో అక్కడి ప్రజాభిప్రాయం తీవ్రమైనది. దానికి తోడు, విదేశీ సహాయం ఇచ్చేటప్పుడు స్వీకర్త దేశం సామూహిక విధ్వంసక ఆయుధాలను తయారు చేస్తోందా అని చూడాలని 1992లో ఆమోదించిన సహాయ విధాన పత్రం చెబుతోంది. ఆ కాలంలో భారత్‌కు ద్వైపాక్షిక సహాయం అత్యధికంగా ఇస్తున్న దేశం కూడా జపానే. అందువల్ల పరీక్షలు జరిగిన రెండు మూడు రోజుల్లోనే కొత్త గ్రాంట్లను, ఆపైన కొత్త యెన్ రుణాలను నిలిపివేసింది, రాయబారిని వెనక్కి పిలిపించింది. టోక్యోలో జరగవలసిన భారత సహాయదాతల సమావేశానికి ఆతిథ్యం ఇవ్వనన్నది. అత్యవసర, మానవతా సహాయం మాత్రం ఆపలేదు.

ఇక్కడ "కొత్త" అన్న మాట దగ్గర ఆగండి. అసలు చిక్కు ఆ మాటలోనే ఉంది. సింహాద్రికి యెన్ రుణం ఒప్పందం 1997లో, అంటే పరీక్షలకు ముందే, కుదిరింది. అయితే ఇంత పెద్ద నిర్మాణాలకు జపాన్ మొత్తం డబ్బును ఒకేసారి ఇవ్వదు, విడతలుగా ఇస్తుంది. ప్రతి విడతకూ ప్రభుత్వాల మధ్య మళ్లీ పత్రాలు మార్చుకోవాలి. అప్పుడు రెండో విడత పాత పనికి చెందినదా, కొత్త రుణమా? పని పాతదే. పత్రం మాత్రం కొత్తది.

అనకాపల్లి పాఠకులకు దీన్ని బెల్లం మార్కెట్ భాషలో చెబుతాను. ఒక కమీషన్ వ్యాపారి చెరకు రైతుకు విడతలుగా పెట్టుబడి ఇస్తున్నాడనుకోండి. మధ్యలో ఏదో విషయంలో ఇద్దరికీ మాట పెరిగింది. "ఇకపై నీకు కొత్త అప్పు లేదు" అన్నాడు వ్యాపారి. కానీ తోట సగం ఎదిగి ఉంది. చివరి విడత ఆపితే తోట ఎండుతుంది, గానుగ ఆడదు, ఇచ్చిన డబ్బూ రాదు. మాట నిలబెట్టుకోవాలా, డబ్బు నిలబెట్టుకోవాలా? రెండేళ్లకు పైగా జపాన్ ముందున్న ప్రశ్న ఇదే.

2000 ఆగస్టులో ప్రధాని యోషిరో మోరి భారత పర్యటనకు వచ్చారు. సమగ్ర పరీక్షల నిషేధ ఒప్పందంపై సంతకం చేయాలని మళ్లీ కోరారు. భారత్ ఇక పరీక్షలు జరపబోమన్న తన స్వచ్ఛంద నిర్ణయాన్ని పునరుద్ఘాటించిందే తప్ప సంతకానికి ఒప్పుకోలేదు. అయినా మోరి ఆ పర్యటనలోనే, ఇప్పటికే నడుస్తున్న రెండు పనులకు యెన్ రుణం ఇస్తామని ప్రకటించారు. ఒకటి ఢిల్లీ మెట్రో. రెండోది సింహాద్రి. ఆంక్షలు అప్పటికింకా ఎత్తివేయలేదు. గోడ అలాగే ఉంది, అందులో రెండు తలుపులు తెరిచారు. వాటిలో ఒకటి పరవాడలో ఉంది. అప్పటికది విశాఖపట్నం జిల్లా. అనకాపల్లి జిల్లా 2022లో ఏర్పడింది.

హైదరాబాదు సంగతి

రాష్ట్రం మొత్తం మీద ఆంక్షల ముద్ర ఒకే రకంగా లేదు. ప్రపంచ బ్యాంకు రుణాలను అమెరికా ఒంటరిగా ఆపలేదు, అంత ఓటు దానికి లేదు. అందుకే జి-8 దేశాల విదేశాంగ మంత్రులు జూన్ 12న లండన్‌లో కూర్చుని, ప్రాథమిక మానవ అవసరాలకు కాని రుణాలను వాయిదా వేయించాలని నిర్ణయించారు. ఆ తరువాత రెండు వారాలు తిరగకుండానే, జూన్ 25న ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్నిర్మాణ ప్రాజెక్టుకు బ్యాంకు సుమారు 54.3 కోట్ల డాలర్లు ఆమోదించింది. ప్రాథమిక విద్య, వైద్యం, పోషకాహారం వంటివి అందులో ఉన్నాయి. "మానవ అవసరం" అన్న మాటను ఎంత వెడల్పుగా చదవవచ్చో ఇది చూపుతుంది. ఆ రుణం షరతుల మంచిచెడ్డలు వేరే చర్చ, ఇక్కడ అక్కరలేదు.

అదే హైదరాబాదులో అణు ఇంధన సముదాయం, రక్షణ పరిశోధన అభివృద్ధి ప్రయోగశాల, భారత్ డైనమిక్స్ వంటి సంస్థల పేర్లు 1998 నవంబరులో అమెరికా వాణిజ్య శాఖ ప్రకటించిన జాబితాలో చేరాయి. ఆ జాబితాలో రెండు వందలకు పైగా భారత సంస్థలున్నాయి. పరికరాలు, విడిభాగాలు అమెరికా నుంచి తెప్పించుకోవడానికి వాటికి ప్రత్యేక అనుమతి కావాలి. రుణం ఆగితే కొంతకాలానికి వస్తుంది. సాంకేతికత నిరాకరణ అలా కాదు, చాలా ఏళ్లు ఉంటుంది. నా అభిప్రాయంలో 1998 ప్రతిస్పందనలో నిజంగా నొప్పించినది ఇదే, పత్రికలు ఎక్కువగా రాసిన సహాయం నిలిపివేత కాదు. డాలర్ల కొరతను తీర్చుకోవడానికి ప్రభుత్వానికి దారి దొరికింది. అదే ఏడాది ఆగస్టులో స్టేట్ బ్యాంకు ప్రవాస భారతీయులకు రిసర్జెంట్ ఇండియా బాండ్లు అమ్మి 420 కోట్ల డాలర్లు సేకరించింది. సాంకేతికతకు అలాంటి బాండు లేదు.

ఇదంతా బయటికి కనిపించిన దౌత్యం. లోపల మరొకటి నడిచింది. 1998 జూన్‌లోనే జశ్వంత్ సింగ్, అమెరికా విదేశాంగ ఉపమంత్రి స్ట్రోబ్ టాల్బట్ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మొత్తం 14 విడతలు సమావేశమయ్యారు. అమెరికా కోరిన సంతకం రాలేదు, భారత్ కోరిన గుర్తింపూ రాలేదు. కానీ 2000 మార్చిలో క్లింటన్ భారత్ వచ్చారు, హైదరాబాదు కూడా చూశారు. ఆంక్షలు విధించిన అధ్యక్షుడే అతిథిగా రావడానికి రెండేళ్లు కూడా పట్టలేదు.

2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత లెక్కలన్నీ మారాయి. సెప్టెంబరు 22న అమెరికా, అక్టోబరు 26న జపాన్ ఆంక్షలు ఎత్తివేశాయి. 1172వ తీర్మానం కోరిన సంతకం నేటికీ జరగలేదు. సింహాద్రి మొదటి రెండు యూనిట్లు, ఒక్కొక్కటి 500 మెగావాట్లవి, 2002లో పనిచేయడం మొదలుపెట్టాయి. ఆ వెయ్యి మెగావాట్లనూ ఆంధ్రప్రదేశ్‌కే కేటాయించారు. ఆనాటి తరగతిలో ప్రశ్న అడిగినాయన ఈ పాఠం చదువుతుంటే, ఆలస్యంగా ఇచ్చిన నా జవాబు ఇది.