కంటి లేజరుకు గాలి లెక్క కూడా ఉంది

కళ్ళజోడు వదిలించుకోవాలని ఈ రోజుల్లో చాలామంది లేజరు ఆపరేషన్ చేయించుకుంటున్నారు. ఇది శుక్లాల ఆపరేషన్ కాదు. శుక్లాలకు కంటి లోపల మసకబారిన బిళ్ళ తీసి కొత్తది పెడతారు. ఇక్కడ నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరను లేజరు వెలుగుతో చెక్కుతారు. ఈ వెలుగు కాల్చకుండా చెక్కగలదని 1981లో అమెరికాలో కనిపెట్టిన ముగ్గురిలో ఒకరు మన దేశంలో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్.

ఆ పొర మందం సుమారు అర మిల్లీమీటరు. మూడు పాయింట్ల అద్దాలు పోవాలంటే అందులోంచి తీసేది తలవెంట్రుక కన్నా పలచన. అంత సన్నని పని కాబట్టే గదిలో గాలి మారినా తేడా వస్తుంది.

ఎలాగంటారా? ఎండుకట్టె, పచ్చికట్టె ఒకేలా కాలవు కదా! ఇదీ అంతే. ఆ పొరలో చాలా భాగం నీరే. గది గాలి మరీ పొడిగా ఉంటే పొర ఆరిపోతుంది. అప్పుడు లేజరు లెక్కకన్నా ఎక్కువ చెక్కుతుంది. తేమ ఎక్కువైతే తక్కువ చెక్కుతుంది. అప్పుడు మళ్ళీ కళ్ళజోడు అవసరం పడొచ్చు. అందుకే ఆ గదిలో వేడిని 18 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంచుతారు. తేమనూ కొలుస్తారు. సెంటు పూసుకుని రావద్దంటారు. ఆ ఆవిరి లేజరు కిరణానికి అడ్డం. చాదస్తం అనుకోకండి. కాటుక, పౌడరు కూడా వద్దు.

గది సంగతి డాక్టర్లు చూసుకుంటారు. ఇంటికొచ్చాక గాలి సంగతి మనదే. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు కన్ను తొందరగా పొడిబారుతుంది. పొయ్యి పొగ, వడగాలి, ముఖం మీదికి కొట్టే కూలరు దాన్ని ఇంకా ఎండబెడతాయి. చూపు మసకగా అనిపిస్తుంది. మిరప తొడిమలు తీసేవాళ్ళు, పత్తి మిల్లులో పనిచేసేవాళ్ళు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. ఎన్నాళ్ళు పని మానాలో అడగాలి. కూలి పోతుందని మూడో రోజే వెళితే కంటికే ముప్పు.

కొందరు పిల్ల పెళ్ళి కుదరగానే లేజరుకు పరుగెడతారు. అద్దాలుంటే సంబంధాలు రావనడం అన్యాయం, అది వేరే మాట. కాని ముహూర్తం పక్కనే పెట్టుకుని చేయిస్తే ఎట్లా? హోమం పొగ, కంట్లో పడే తలంబ్రాలు, కాటుక. పచ్చిపుండు లాంటి కంటికి ఇవన్నీ గండాలే. పిల్ల ఊరికే కళ్ళు నలుపుకుంటుంది. నలిపితే పైపొర జరిగిపోవచ్చు. డాక్టరు సరే అనేదాకా తలస్నానం, చెరువు స్నానం వద్దు.

డాక్టరు రాసిచ్చిన చుక్కలు మానకూడదు. చనుబాలు, ఆముదం అసలు వెయ్యొద్దు. కన్ను ఎర్రబడినా, నొప్పి పెరిగినా, చూపు తగ్గినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి.